యోసేపు గారి జెల్ల, జ్ఞానప్రసూనాంబ గారి పచ్చిక

జెల్లకి సిమెంటు మీద పని జరగదు. ఏడేళ్ళు చెరువు గట్టు మీద పెరిగిన కుక్క. కాళ్ళ కింద గడ్డి మెత్తగా తగిలితే తప్ప దానికి కాలకృత్యాలు గుర్తుకు రావు. వట్లూరులో మా కాలనీ రోడ్లన్నీ సిమెంటువి. వాకిళ్ళు కొన్ని గచ్చువి, కొన్ని టైల్సువి. ముప్ఫై రెండు ఇళ్ళకూ కలిపి గడ్డి అనదగ్గది ఉన్నది ఒక్క జ్ఞానప్రసూనాంబ గారి గేటు ముందే. ఈ సంగతి మేమెవరం ఎప్పుడూ పట్టించుకోలేదు. జెల్ల మాత్రం వచ్చిన మర్నాడే కనిపెట్టేసింది.

జెల్ల యజమాని యోసేపు గారు. మా మేడ మీద వాటాలో అద్దెకుంటున్న సువర్ణ గారి నాన్న. అరవై ఏడేళ్ళ మనిషి. కొల్లేటికోట దగ్గర చేపల చెరువుల మీద ముప్ఫై ఏళ్ళు కాపలా ఉన్నారు. కాపలా అంటే కర్ర పట్టుకుని కూర్చోవడం కాదు. తెల్లవారుజామునే లేచి గట్టు చుట్టూ తిరగాలి. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతుంటే నీళ్ళలో గాలి తగ్గిందని కనిపెట్టాలి. మేత కోసం చెరువులో పాతిన ఏ గెడకి ఎన్ని తవుడు సంచులు కట్టాలో చూడాలి. చేపల కోసం గూడబాతులు, నీటికాకులు దిగకుండా తరమాలి. ఆ చివరి పని జెల్లది. మూతికి అటూ ఇటూ నాలుగేసి మీసాలు పొడుగ్గా నిలబడి ఉంటాయి కాబట్టి, మీసాల చేప జెల్ల పేరే దానికి పెట్టారట.

ఆమధ్య ఆయన పాదం మీద షుగరు పుండు లేచింది. సువర్ణ గారు ఏలూరులో నర్సు. పుండు చూసిన రోజునే తండ్రిని ఆస్పత్రిలో చేర్చి, అది మానాక వ్యాను ఎక్కించి మా మేడ మీదకి తెచ్చేశారు. ఒక రేకు పెట్టె, ఒక పెద్ద అక్షరాల బైబిలు, ఒక కుక్క, ఇవీ ఆయన సామాను. రోజూ గంటసేపు నడవమని డాక్టరు చెప్పాడు.

"జెల్ల లేకపోతే నాన్న గేటు దాకా కూడా నడవరండీ," అని సువర్ణ గారు మా అమ్మతో అన్నారు. "అది తాడు పట్టుకుని లాగాలి, ఈయన లేవాలి."

గట్టు మీద అలవాటు ప్రకారం యోసేపు గారు తెల్లవారగానే కాలనీ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసేవారు. వలతాడు ముక్క ఒకటి జెల్ల మెడకి. దారిలో నీళ్ళు ఎక్కడ కనిపించినా వంగి చూసేవారు. మురుగు కాలవ కూడా వదిలేవారు కాదు. ఒకరోజు మా సంపు మూత తీసి ఉంటే అందులోకీ తొంగి చూశారు.

"ఏవండీ, మీ నీళ్ళలో గాలి తక్కువగా ఉందండీ," అన్నారు మా నాన్నగారితో. "చేపలుంటే ఈపాటికి తేలిపోయేవి."

"మా సంపులో చేపలు లేవు కదండీ."

"లేవు కాబట్టి సరిపోయిందండీ."

మా నాన్నగారు ఆ తర్వాత రెండు రోజులు సంపు వైపు అనుమానంగా చూశారు.

జ్ఞానప్రసూనాంబ గారి గురించి కూడా చెప్పాలి. టెలిఫోన్ ఆఫీసులో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యారు. కడియం నర్సరీల నుంచి కొరియన్ గడ్డి తెప్పించి, గేటుకి అటొక పట్టీ, ఇటొక పట్టీ వేయించారు. ఒక్కొక్కటి రెండు చాపలు పరిచినంత ఉంటుంది. ఆ గడ్డిని ఆవిడ కత్తెరతో కత్తిరిస్తారు. కలుపు మొక్క కనిపిస్తే తలలో పిన్ను తీసి వేళ్ళతో సహా పెకలిస్తారు. పిల్లల బంతి పచ్చికలో పడితే వాళ్ళు రోడ్డు మీదే నిలబడి, "అమ్మమ్మగారూ, తీసుకోమంటారా?" అని అడగాలి. అడిగితే ఎప్పుడూ కాదనరు. అడక్కుండా తీసుకున్న బంతి మాత్రం ఆవిడ బీరువాలోకి వెళుతుంది. నాకు పాత వారపత్రికల కట్టలు చదవడానికి ఇచ్చేది కూడా ఆవిడే. నాకు అందరితో మాట్లాడే చొరవ తక్కువ. ఆవిడ దగ్గర ఆ ఇబ్బంది ఉండదు. రెండు వైపుల మాటలూ ఆవిడే మాట్లాడేస్తారు.

జెల్ల పని పది రోజులు ఎవరికీ తెలియకుండా సాగింది. పదకొండో రోజున ఆవిడ మామూలు కంటే ముందు లేచారు. నేను మా వరండాలో పేపరు చదువుకుంటున్నాను. గేటు తీసిన చప్పుడుకి తలెత్తి చూశాను.

"ఏవండీ! ఆ కుక్క మీదేనా?"

"నాదేనండీ. జెల్లండీ."

"జెల్లో, గిల్లో! మా లాన్‌లో అదేం చేసిందో చూశారా?"

"చూశానండీ." యోసేపు గారి ముఖం వెలిగింది. "బాగానే చేసిందండీ."

ఆవిడ గేటు మీద చెయ్యి వేశారు.

"ఎరువండీ అమ్మగారూ," అని ఆయన వివరించడం మొదలుపెట్టారు. "మా చెరువులకి కోళ్ళ పెంట లారీల మీద తోలిస్తామండీ. అది పడితేనే నీళ్ళకి పచ్చదనం వస్తుంది, పచ్చదనం వస్తేనే చేప ఒళ్ళు చేస్తుంది. లారీకి ఎంత గిరాకీ అనుకున్నారు? మీకేమో రోజూ గుమ్మం ముందుకే వస్తోంది."

జ్ఞానప్రసూనాంబ గారు ఇంకొక్క మాట అనలేదు. గేటు వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మా వైపు మర్యాదస్తులకి కోపం నెత్తికెక్కితే ముందు మాట ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్ళు చేపలతోను, కొంగలతోను గడిపిన మనిషికి ఆ సంగతి గుర్తులేదు. ఆవిడ ఒప్పుకున్నారనే అనుకున్నారాయన.

అందుకే మర్నాడు మరింత శ్రద్ధగా వచ్చారు. పచ్చిక అంతా కలయజూసి, ఎడమ పట్టీలో ఒక మూల పలచగా ఉందని గమనించి, జెల్లని సరిగ్గా అక్కడికి నడిపించి, పని అయ్యేదాకా ఓపికగా నిలబడ్డారు. పైగా ఆవిడ కిటికీ వైపు చూసి నమస్కారం కూడా పెట్టారు.

ఎదురింటి విశ్వతేజ గారి సీసీ కెమెరాలో ఇదంతా రికార్డయింది. ఆయన మా కాలనీ సంఘం కార్యదర్శి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటారు. ఎవరి కుళాయి కారినా వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడతారు. ఈసారి నలభై సెకన్ల వీడియో పెట్టారు, నమస్కారంతో సహా. దాని కింద, "ఆదివారం ఉదయం ఏడు గంటలకు అత్యవసర సమావేశం. విషయం: కుక్క," అని రాశారు. తర్వాత మా నాన్నగారికి ఫోన్ చేసి, కుక్కను పంపించేయడమా, వాటా ఖాళీ చేయించడమా, రెండిట్లో ఒకటి తేల్చాలన్నారు.

మా నాన్నగారు ఆ మాట చెప్పడానికి మేడ మీదకి వెళ్ళి, అరగంట తర్వాత టీ తాగి దిగొచ్చారు.

"చెప్పారా?" అంది అమ్మ.

"బొచ్చె చేపకీ శీలావతికీ తేడా ఎలా తెలుస్తుందో చెప్పారాయన. మధ్యలో ఆ మాట ఎలా ఎత్తను?"

చెప్పాల్సిన అవసరం లేకపోయింది. సువర్ణ గారు డ్యూటీలో ఉండగానే వీడియో చూశారు. సాయంత్రం రాగానే మెట్ల దగ్గరే తండ్రిని నిలదీశారు. మా వంటింట్లోకి అంతా వినిపించింది.

"నాన్నా, వాళ్ళ గుమ్మం ముందు చేయించి, పైగా దండం పెడతావా?"

"పెద్దావిడ కదమ్మా, పెట్టకపోతే బాగుంటుందా?"

"ఆదివారం మీటింగ్ పెట్టారు. జెల్లని పంపించెయ్యమంటారు."

ఆయన గొంతు నెమ్మదిగా వచ్చింది. "పోనీలేమ్మా. చెరువు కొత్తగా తీసుకున్నాయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. పాక ఖాళీగానే ఉందంట. నేనూ అదీ వెళ్ళిపోతాం."

"మరి పాదం?"

"పాదం కూడా నాతోనే వస్తుందమ్మా."

"నవ్వులాట కాదు నాన్నా. ఆ బురదలో మళ్ళీ పుండు లేస్తే ఈసారి వేలు తీసేస్తారు. నేను రోజూ చూస్తున్నాను అలాంటివి."

"మరి దాన్ని ఒక్కదాన్నీ ఎక్కడికి పంపమంటావు?"

కుక్క ఉంటే ఆయన ఉంటారు. కుక్క వెళితే, పాదం సంగతి ఎలా ఉన్నా, ఆయన వెళతారు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది.

గురువారం పొద్దున్న పాల ప్యాకెట్ల కోసం వెళుతుంటే యోసేపు గారు ఆ పచ్చిక పక్కన రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని కనిపించారు. ప్రార్థన చేసుకుంటున్నారేమో అనుకుని పక్కకి తప్పుకోబోయాను. జెల్ల పక్కన లేదు.

"అమ్మాయిగారూ, ఒకసారి ఇలా రండీ."

పచ్చికలో అరచేయంత పసుపు మచ్చలు ఆరేడు ఉన్నాయి. ప్రతి మచ్చ చుట్టూ గడ్డి అంచు కట్టినట్టు ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగింది. మధ్యలో మాత్రం ఎండి గడ్డిపరకలు ఊడొస్తున్నాయి.

"ఏమిటండీ ఇది?"

"మోతాదు ఎక్కువైందండీ. చుట్టూ చూడండి, అక్కడ కాస్తే తగిలింది కాబట్టి బాగా లేచింది. మధ్యలో మొత్తం ఒకేచోట పడేసరికి మాడిపోయింది. దీని ఉచ్చలో యూరియా ఉంటుంది కదా." ఆయన ఒక ఎండుపరకని వేళ్ళ మధ్య నలిపారు. "కుర్రతనంలో ఒకసారి చెరువులో ఎరువు నాలుగు పక్కలా చల్లకుండా బద్ధకించి ఒకే మూల దిమ్మరించానండీ. తెల్లారేసరికి ఆ మూల చేపలన్నీ వెల్లకిలా తేలాయి. అది తెలిసి తెలిసీ నేనే ఇలా..."

ఆయన లేచి, లుంగీ దులుపుకుని, తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళారు. జ్ఞానప్రసూనాంబ గారు లోపల అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూసి కూడా లేవలేదు. నేను పాల సంచితో అక్కడే ఇరుక్కుపోయాను.

"అమ్మగారూ, తప్పు నాదేనండీ. ఎరువని చెప్పాను. ఎరువేగానీ మోతాదు చూసుకోలేదు. వెంటనే మీద నీళ్ళు పోసి ఉంటే మాడేది కాదండీ."

"మోతాదా?" ఆవిడ ఇప్పుడు లేచారు. "అంటే మోతాదు సరిపోతే చేయించొచ్చనా మీ ఉద్దేశం?"

"గడ్డికి మంచిదే కదండీ."

"యోసేపు గారూ, ఒక్క మాట చెప్పండి. నేను కొల్లేరు వచ్చి, మీ చెరువు గట్టెక్కి, మిమ్మల్ని అడక్కుండా రెండు దోసిళ్ళ తవుడు మీ చెరువులో వేశాననుకోండి. మంచి తవుడే. మీరు ఊరుకుంటారా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. నేను కళ్ళారా చూశాను. "ఎలా ఊరుకుంటానండీ? చెరువులో వేరేవాళ్ళ చెయ్యి పడకూడదండీ."

"మంచి తవుడేనండీ."

"ఎంత మంచిదైతే మాత్రం! చెరువు నాది, దాని మంచీచెడ్డా..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆయన పచ్చిక వైపు చూశారు. తర్వాత ఆవిడ వైపు చూశారు. "అడగాలండీ," అన్నారు. "ముందు అడగాలి."

"అదేనండీ నేను పదకొండు రోజులుగా గుండెల్లో పెట్టుకుని కుములుతున్నది," అన్నారు జ్ఞానప్రసూనాంబ గారు. నిజానికి ఆవిడకి తెలిసి మూడు రోజులే అయింది. కానీ అప్పుడు ఆ లెక్క ఎవరు అడుగుతారు?

ఆ రోజూ మర్నాడూ ఆయన జెల్లని రైలు కట్ట దాకా నడిపించుకుపోయారు. అక్కడైతే గడ్డి ఉంది, ఎవరి గుమ్మమూ లేదు. కానీ రానూ పోనూ మూడు మైళ్ళు. శుక్రవారం పొద్దున్న తిరిగొచ్చేసరికి పాదం వాచింది. సువర్ణ గారు దాన్ని ఉప్పునీళ్ళలో పెట్టించి, ఇక ఆ కట్ట వైపు అడుగు వేస్తే మంచానికి కట్టేస్తానన్నారు.

దూరం వెళ్ళలేకపోతే గడ్డినే దగ్గరకు తెచ్చుకోవాలి. ఆయనకి తెలిసిన ఐసు వ్యాను డ్రైవరు ఒకడు కొల్లేటికోట నుంచి రోజూ ఏలూరు వస్తాడు. వాడికి ఫోన్ చేసి గట్టు మీద గరికని వేళ్ళూ మట్టీతో సహా చెక్కలు చెక్కలుగా తవ్వించి, చేపల ట్రేలలో సర్ది తెమ్మన్నారు. శుక్రవారం పొద్దుపోకముందే ఆరు ట్రేల గట్టు మా గేటు ముందు దిగింది.

ఆయన వాటిని లోపలికి తేలేదు. వాచిన కాలితో కుంటుకుంటూ వచ్చి మా నాన్నగారి ముందు నిలబడ్డారు.

"ఏవండీ, మీ పెరట్లో మెట్ల దగ్గర బాదం చెట్టు పక్కన ఇవి పెట్టుకోవచ్చాండీ? జెల్ల కోసం. వద్దంటే వద్దని చెప్పండి, ఏమీ అనుకోను."

"దానికి అడగడమెందుకండీ?"

"అడగాలండీ," అన్నారాయన చాలా గంభీరంగా. "నిన్ననే తెలిసింది."

ట్రేలు చూసి జెల్ల పొంగిపోయింది. ఒక్కొక్కటీ వాసన చూసింది. తోక ఊపింది. రెండో ట్రేలోకి ఎక్కి, మూడు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది. శనివారం పొద్దున్న ఎనిమిదింటికి కూడా అది అక్కడే పడుకుని ఉంది. యోసేపు గారు లేపారు. లేచి, ఒళ్ళు విరుచుకుని, మూడో ట్రేలో పడుకుంది. చెయ్యాల్సిన పని మాత్రం చెయ్యలేదు.

"పరుపనుకుంటోంది నాన్నా," అన్నారు సువర్ణ గారు దిగులుగా. ఆవిడకి ఆ రోజు సెలవు.

ఆయన మెట్టు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశారు. ఉన్నట్టుండి తొడ మీద చరుచుకున్నారు. "తప్పు దానిది కాదమ్మా! గట్టు మీద అదెప్పుడైనా పాక దగ్గర చేసిందా? చెయ్యదు. పాకకి దూరంగా, నీళ్ళు వదిలే తూము దగ్గరే చేసేది. నేను ట్రేలు తెచ్చి మన మెట్ల దగ్గర పెట్టాను. ఇదే పాక అనుకుంటోంది."

"అయితే ఇక్కడ తూము ఎక్కడుంది?"

తూము లేదుగానీ మా కాలనీ చివర పంటకాలవ మీద ఒక కల్వర్టు ఉంది. దాన్ని ఆనుకుని ఎర్ర గ్రావెల్ పోసి మెరక చేసిన ఖాళీ స్థలం ఒకటుంది. గడ్డిపరక మొలవని స్థలం. అది ఏలూరు తివాచీల వ్యాపారి సిరాజుద్దీన్ గారిది. కాలనీలో మిగతావాళ్ళయితే ట్రేలు అక్కడ పడేసి ఊరుకునేవారు. యోసేపు గారు నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయిగారూ, మీరు తెలుగు ఎమ్మే చదివారు కదండీ. ఒక అనుమతి కాయితం రాసిపెట్టండీ."

ఏం రాయాలో నాకు తోచలేదు. చదువుకున్న కావ్యాల్లో ఇలాంటి సందర్భం రాలేదు. చివరికి, "తమ ఖాళీ స్థలంలో ఒక కుక్క ప్రతి ఉదయం ఒక్క అయిదు నిమిషాలు..." అని మొదలుపెట్టాను.

"కుక్క అని వద్దండీ, జెల్ల అని రాయండి. ఎవరన్నది తెలియాలి కదా."

ఆయన ఒక్కరూ వెళితే పాదం సంగతి ఏమవుతుందోనని సువర్ణ గారూ, కాయితం రాసిన దాన్నని నేనూ, ముగ్గురం ఆటోలో ఏలూరు వెళ్ళాం. సిరాజుద్దీన్ గారి కొట్టు నిండా చుట్టిన తివాచీలు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాయితం రెండుసార్లు చదివారు.

"ఈ జెల్ల అనేవారు మీకేమవుతారండీ?"

"మా కుక్కండీ."

ఆయన కాయితం మళ్ళీ చదివారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వారు.

"మూడేళ్ళ నుంచి ఆ స్థలంలో చెత్త పోస్తున్నారండీ. పాత పరుపులు పడేశారు. విరిగిన కుర్చీలు పడేశారు. ఎవరిదో బాత్రూం టైల్సు ఒక ట్రాక్టరు లోడు దింపేశారు. ఒక్కరూ నన్ను అడగలేదు. మీ కాలనీలో నన్ను మొదట అడిగింది కుక్కేనండీ!"

"అయితే ఒప్పుకున్నట్టేనా అండీ?"

"నా తివాచీల మీద కాదు కదా?"

"అయ్యో, కాదండీ."

"ఇల్లు మొదలుపెట్టిన రోజున మీ గడ్డి మీరు తీసేసుకోవాలి. ఏ రోజుది ఆ రోజే ఎత్తెయ్యాలి."

"ఎత్తేస్తానండీ. సంచులు కత్తిరించి పెట్టుకున్నాను."

సిరాజుద్దీన్ గారు కాయితం కింద తన మాటలు నాలుగు వరుసలు రాసి, సంతకం చేసి, కొట్టు ముద్ర కూడా వేసి ఇచ్చారు.

ఆ సాయంత్రమే ట్రేలు కల్వర్టు పక్కకి చేరాయి. గడ్డి చెక్కలు గ్రావెల్ మీద దించి, సందుల్లో మట్టి కూరి, నీళ్ళు పెట్టారు. జెల్ల వచ్చి వాసన చూసింది, కాలవ వైపు చూసింది, తిరిగి ఇంటికి బయలుదేరింది. చీకటి పడే వేళకి ఇక ఆగలేక కాబోలు బాదం చెట్టు వెనక పని కానిచ్చింది. యోసేపు గారు ఎత్తి, నీళ్ళు పోసి, మా అమ్మకి క్షమాపణ చెప్పుకున్నారు.

ఆదివారం ఏడింటికి వాటర్ ట్యాంకు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పదిహేను మంది దాకా వచ్చారు. యోసేపు గారు తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. చర్చికి వెళ్ళేటప్పుడు వేసుకునే చొక్కా అది. జెల్ల ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. దానికి పొద్దున్నుంచీ బయటికి వెళ్ళే అవకాశం రాలేదు.

విశ్వతేజ గారు ఫోన్‌లో చూసి చదివారు. "కాలనీ పరిశుభ్రత దృష్ట్యా సదరు కుక్కని ఈ వారం లోపల పంపించెయ్యాలని తీర్మానం. ఎవరికైనా అభ్యంతరమా?"

"నాకు ఒక కాయితం ఇవ్వాలని ఉందండీ," అని లేచారు యోసేపు గారు. తీసుకెళ్ళి విశ్వతేజ గారికి కాదు, జ్ఞానప్రసూనాంబ గారికి ఇచ్చారు. "మీ గడ్డి పాడుచేశాను కాబట్టి ముందు మీరు చూడాలండీ. మచ్చలు పడ్డ చోట కొత్త గడ్డి వేసి, వేళ్ళూనేదాకా నీళ్ళు పోసే పూచీ నాది. మీరు సరేనంటేనే."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు. నా వాక్యాలు వినిపిస్తుంటే నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. కింద సిరాజుద్దీన్ గారు రాసిన భాగం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు ఇంకా పెరిగింది. "మూడేళ్ళుగా చెత్త వేసినవారెవరూ నన్ను అడగలేదు. మొదట అడిగినది జెల్ల గారు. అందుకు సంతోషించి అనుమతిస్తున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇద్దరు ముగ్గురు కుర్చీల్లో సర్దుకున్నారు.

"బాత్రూం టైల్సు సంగతి కూడా రాశారాయన," అన్నారు జ్ఞానప్రసూనాంబ గారు కాయితం మీద నుంచి చూపు తిప్పకుండా. "లేత నీలం రంగువట. విశ్వతేజా, కిందటి వేసవిలో మీ బాత్రూం పనిచేయించారు కదూ?"

విశ్వతేజ గారి చెవులు ఎర్రబడ్డాయి. "అది... మేస్త్రీ ఎక్కడ పడేశాడో నాకు తెలీదండీ. అయినా ఇప్పుడు విషయం కుక్క. కాయితం సరే. కుక్క ఆ కాయితం చదువుకుందా? అది అక్కడే చేస్తుందని నమ్మకమేంటి?"

ఆ మాటలో న్యాయముంది. యోసేపు గారు కూడా తలూపారు.

జ్ఞానప్రసూనాంబ గారు కాయితం మడిచి యోసేపు గారికి తిరిగి ఇచ్చారు. "చూద్దాం. ఇప్పుడే తీసుకెళ్ళండి. అది అక్కడ చేస్తే ఉంటుంది. తిరిగొచ్చి నా గడ్డి మీద చేస్తే మాత్రం వెళ్ళిపోతుంది. అందరికీ సమ్మతమేనా?"

అందరికీ సమ్మతమే. పైగా అందరూ బయలుదేరారు. పదిహేను మందిమి కల్వర్టు దగ్గరికి చేరి ఆ గరిక ముక్క చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడ్డాం. యోసేపు గారు తాడు వదులు చేశారు. జెల్ల గడ్డి మీదకి ఎక్కింది. వాసన చూసింది. ఒకసారి వంగబోయి, తలెత్తి మా అందరి ముఖాలూ వరసగా చూసి, నిటారుగా నిలబడింది.

ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. సువర్ణ గారు కల్వర్టు గోడని గట్టిగా పట్టుకున్నారు.

"చెయ్యదండీ," అన్నారు విశ్వతేజ గారు.

"ఎలా చేస్తుందండీ?" అన్నారు యోసేపు గారు. "ఇంతమంది చుట్టూ నిలబడి చూస్తుంటే మీకైనా నాకైనా వస్తుందాండీ?"

జ్ఞానప్రసూనాంబ గారు జెల్ల వైపు చూశారు. జెల్ల ఆవిడ వైపు చూసింది. దాని మీసాలు బెదురుగా కదిలాయి.

"నిజమే," అన్నారావిడ. "ఇదేం మర్యాద? అందరూ అటు తిరగండి!"

టెలిఫోన్ ఆఫీసులో అంతమందిని నడిపిన గొంతు అది. పదిహేను మందిమీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాం.

"విశ్వతేజా, ఆ ఫోన్ కూడా."

"ఫోన్ కూడానా అండీ?"

"ఫోన్ కూడా తిప్పండి."

మా ముందు పంటకాలవ, దాని అవతల వరి ఊడ్చిన చేలు. రోడ్డు మీద పాల మోటారు సైకిలు ఆపి, మమ్మల్ని చూసి, ఎందుకో తనూ చేల వైపు తిరిగి నిలబడ్డాడు ఒకాయన. మా వరసలో ఎవరికో నవ్వొచ్చింది, దగ్గులోకి మార్చుకున్నారు. నేను గట్టు మీది కొంగనొకదాన్ని శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను. వెనకాల గడ్డి గరగరమంది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగుందో సువర్ణ గారికే తెలియాలి. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"అయిందండీ," అన్నారు యోసేపు గారు.

"రెండూనా?" అన్నారు జ్ఞానప్రసూనాంబ గారు, వెనక్కి తిరగకుండానే.

"రెండూనండీ అమ్మగారూ!"

"అయితే ఇంకా చూస్తారేం? ఎత్తండి. నీళ్ళు పొయ్యండి. మోతాదు జాగ్రత్త."